పాట చెప్పనిది చెప్పు

సింగరాయకొండ

చి. పాపకూ, దాని తోటిపిల్లలకూ తాతయ్య ఆశీస్సులు.

శివరాత్రి జాగరణనాడు మీ తరగతిలోని చూపులేని పిల్లవాడు తెల్లవారేదాకా నీ పక్కనే కూర్చున్నాడనీ, చూడలేనివాడికి తోలుబొమ్మలాటలో ఏం తెలుస్తుందనీ రాశావు. ఆ ప్రశ్న ముందుగా వాడిని అడగవలసింది. అడిగావో లేదో రాయలేదు.

మన ఇంట్లో ఒకే బియ్యంతో మీకు అన్నం వండుతారు, పళ్లులేని ముసలివారికి జావ కాస్తారు. జావ అంటే మీ అన్నంలో నీళ్లు పోయడం కాదు. బియ్యాన్ని నూకగా విసిరి, అడుగంటకుండా కలుపుతూ మెత్తగా ఉడికించి, చల్లారాక మజ్జిగ కలపాలి. అదీ మొలగొలుకుల బియ్యమే, తక్కువ రకమేమీ కాదు. ఇక అరిసెలకైతే ఆ బియ్యాన్నే నానబోసి, దంచి, పిండిలో తడి ఆరకముందే పాకంలో పోయాలి; నా పోలిక వంటింట్లోకి వెళ్లి బయటికి రానంటోంది. కంటి కోసం వండిన కథను చెవి కోసమూ వేలి కోసమూ మళ్లీ వండాలని మాత్రమే నేను చెప్పబోయాను.

ఆ వంట నాకు మా అవ్వ నేర్పింది. ఆమె కళ్లకు శుక్లాలు కమ్మాయి. నాకప్పుడు తొమ్మిదేళ్లు. తోలుబొమ్మలాటలో ఆమె పక్కన కూర్చుని, “అవ్వా, హనుమంతుడు లంకకు పోతున్నాడు” అన్నాను. “అది పాటలో వింటూనే ఉన్నాను గదరా, పాట చెప్పనిది చెప్పు” అంది. ఒంటి రంగు, తోక పొడవు, తెరమీద నీడ పెరిగి పెరిగి చిన్నదైన తీరు చెప్పసాగాను. రావణుడు మాట్లాడుతుండగా నేనూ మాట్లాడితే తొడపాశం పెట్టి, పాట ఆగినప్పుడు చెప్పమంది. ఇప్పుడు చూపులేనివారి కోసం సినిమాలకు చేర్చే వర్ణన కూడా ఇంతే: మాటకూ మాటకూ నడుమ ఉన్న ఖాళీలో, చెవికి అందనిదాన్ని చెబుతారు. ఒకసారి నిద్రమత్తులో సీత చీర పచ్చదని అబద్ధమాడాను. మర్నాడు పొరుగామె ఎర్రదనేసరికి, అవ్వ వారం రోజులు నన్నేమీ అడగలేదు.

వేలి సంగతి వేరు. 1809లో ఫ్రాన్సులో గుర్రపు జీనులు కుట్టే తోలుపనివాడి ఇంట లూయీ బ్రెయిలీ పుట్టాడు. మూడేళ్లప్పుడు తండ్రి ఆరెతో, అంటే తోలుకు చిల్లులు పొడిచే మొనదేలిన పనిముట్టుతో, ఆడుకుంటుండగా అది కంట్లో గుచ్చుకుంది. ఆ పుండు రెండో కంటికీ పాకి చూపంతా పోయింది. పదిహేనేళ్లకు, అంటే 1824 నాటికి, వేళ్లతో తడిమి చదివే ఆరు ఉబ్బెత్తు చుక్కలతో లిపిని కూర్చాడు. ఆరు చుక్కలతో 63 గుర్తులు వస్తాయి. 1951లో భారతీయ భాషలకు ఉమ్మడిగా కుదిర్చిన భారతీ బ్రెయిలీలో మన ‘అ’ ఒక్క చుక్క, ‘క’ రెండు చుక్కలు. కాగితానికి వెనకవైపు నుంచి మొనతో పొడుస్తారు గనుక కుడి నుంచి ఎడమకు రాసి, తిప్పి ఎడమ నుంచి కుడికి చదువుతారు. కన్ను తీసిన ఆరెకూ ఆ మొనకూ పెద్ద తేడా కనిపించదు. అది తలచుకుంటే నాకు మాట రాదు.

పుస్తకాలను ఇలా మార్చేందుకు హక్కుదారుల అనుమతి అడ్డు కాకూడదని 2013లో మొరాకోలోని మర్రకేష్‌లో దేశాలు ఒప్పందం చేసుకోగా, దాన్ని 2014లో అందరికంటే ముందు ధ్రువీకరించింది మన దేశమే. చెవి వినబడనివారికి చేతులు చెప్పే కథల గురించి మరో ఉత్తరం రాస్తాను.

ఈసారి ఆట వచ్చినప్పుడు దీపాలు పెట్టకముందే ఆ పిల్లవాడిని వెంటబెట్టుకుని వెళ్లి, బొమ్మను తాకనిమ్మని ఆటగాళ్లను వినయంగా అడుగు. బొమ్మల నగలు రంగు మాత్రమే కాదు, తోలులో ఉలితో కొట్టిన సన్నని చిల్లులు. నువ్వు కళ్లు మూసుకుని రావణుడి కిరీటం తడిమి చూడు. తరువాత వాడిని తడమనిచ్చి, వాడేం చెబుతాడో విని నాకు రాయి.

మీ తాతయ్య