సంభావ్యత, సగటు లెక్కల్లో అపోహలు - వాస్తవాలు: ముందు హారం సంగతి చూడండి

సంభావ్యత సూత్రం ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు: అనుకూల పర్యవసానాలను (మనకు కావలసిన ఫలితాలను) మొత్తం పర్యవసానాలతో భాగించాలి. దాన్ని మరిచిపోయే పిల్లలు తక్కువ. తప్పంతా ఆ "మొత్తం", అంటే హారం, ఎంతో తేల్చే దగ్గర జరుగుతుంది.

అపోహ: రెండు నాణేలు ఎగరేస్తే జరిగేవి మూడే. రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు, లేదా చెరొకటి. కాబట్టి ఒక్కోదానికి 1/3.

వాస్తవం: మూడు రకాలున్న మాట నిజమే, అయితే అవి సమసంభవాలు (సమాన అవకాశం ఉన్నవి) కావు. ఒక నాణెం మీద ఎర్రచుక్క పెట్టి మళ్లీ రాయించండి. చుక్కది బొమ్మ, రెండోది బొమ్మ; చుక్కది బొమ్మ, రెండోది బొరుసు; చుక్కది బొరుసు, రెండోది బొమ్మ; రెండూ బొరుసులు. నాలుగొచ్చాయి. "చెరొకటి"కి రెండు దారులున్నాయి గనక దాని సంభావ్యత 2/4, అంటే 1/2. చుక్క పెట్టామని నాణెం పడే తీరు మారదు కదా, చుక్క లేకున్నా లెక్క ఇదే. ఇక్కడ తడబడ్డ పిల్లలను కోప్పడకండి. ఫ్రెంచి గణితవేత్త డాలంబేర్ అంతటివాడే 1754లో, నాణెం రెండుసార్లు ఎగరేస్తే ఒక్కసారైనా బొమ్మ పడే సంభావ్యత 2/3 అని వాదించాడు. మొదటిసారే బొమ్మ పడితే ఆట అక్కడితో అయిపోతుంది కాబట్టి అది ఒకే పర్యవసానమని ఆయన లెక్క. సరైన జవాబు 3/4.

రెండు పాచికల లెక్కలోనూ ఇదే గొడవ. మొత్తాలు 2 నుంచి 12 దాకా పదకొండు ఉన్నాయి కదా అని 1/11 వేసేస్తారు. అడ్డంగా ఒక పాచిక, నిలువుగా ఇంకోటి రాసి 36 గడుల పట్టిక గీస్తే అసలు సంగతి కనిపిస్తుంది: 7 ఆరు గడుల్లో ఉంటుంది, 2 ఒక్క గడిలోనే. "(2,4), (4,2) వేర్వేరైతే (3,3)ని కూడా రెండుసార్లు లెక్కపెట్టాలి కదా?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది, మంచి ప్రశ్నే. పట్టికలో (3,3) గడి ఎన్నిచోట్ల ఉందో వేలు పెట్టి చూపించమనండి.

మూడు పాచికలైతే ఇంకా తమాషా. మొత్తం 9 రావడానికీ, 10 రావడానికీ అంకెల కూర్పులు చెరి ఆరే. అయినా 216 పర్యవసానాల్లో 9కి 25, 10కి 27. కారణం, 1-2-6 లాంటి కూర్పు ఆరు వరసల్లో పడుతుంది, 1-4-4 మూడు వరసల్లో, 3-3-3 ఒకే ఒక్క వరసలో. ఈ తేడాకు కారణం వివరించినవాడు గెలీలియో.

అపోహ: వరసగా ఐదు బొమ్మలు పడ్డాయి, ఇక బొరుసు పడి తీరాలి.

వాస్తవం: నాణేనికి జ్ఞాపకం ఉండదు. ఆరోసారి కూడా 1/2. అలాగే 100 సార్లు ఎగరేస్తే కచ్చితంగా 50 బొమ్మలు పడతాయనుకోవద్దు. సరిగ్గా 50 పడే సంభావ్యత దాదాపు 0.08 మాత్రమే.

అపోహ: "కనీసం ఒకటి" అంటే విడివిడి సంభావ్యతలు కూడితే చాలు.

వాస్తవం: రెండు పాచికల్లో కనీసం ఒక 6 పడాలంటే 1/6 + 1/6 = 12/36 అని వేస్తారు. అందులో (6,6) రెండుసార్లు చేరింది. జవాబు 11/36. కూడిక ఎంత తప్పో చూపాలంటే అదే పద్ధతిని ఏడు పాచికల దాకా లాగండి, 7/6 వస్తుంది. ఒకటి దాటిన సంభావ్యత ఉండదని అందరికీ తెలుసు, ఇక వాదన అక్కర్లేదు. "కనీసం" అన్న మాట కనబడగానే పూరక ఘటన (అడిగింది జరగకపోవడం) వైపు వెళ్లడం తేలిక: ఒక్క 6 కూడా పడకపోవడం 5/6 × 5/6 = 25/36, దాన్ని 1లోంచి తీసేస్తే 11/36.

సంచిలోంచి బంతులు తీసే లెక్కల్లో తీసింది తిరిగి వేశారో లేదో చదవాలి. 3 ఎర్రవి, 2 నీలివి ఉంటే రెండూ ఎర్రవి కావడం, తిరిగి వేస్తే 9/25, వేయకపోతే 3/5 × 2/4 = 3/10. "ఒకేసారి రెండు తీస్తే" అన్నా తిరిగి వేయనట్టే.

అపోహ: సగటు కంటే సగం మంది పైన, సగం మంది కింద ఉంటారు.

వాస్తవం: అది మధ్యగతం (విలువలను వరసలో పేరిస్తే సరిగ్గా నడుమ పడేది) చేసే పని. 12, 14, 15, 16, 93 తీసుకోండి. సగటు 30, ఐదుగురిలో నలుగురు దానికి కిందే. మధ్యగతం 15. రెండు సగటుల సగటు తీయడమూ ఇలాంటి తప్పే: 40 మంది సగటు 60, మరో 10 మంది సగటు 80 అయితే ఉమ్మడి సగటు 70 రాదు. (2400 + 800) ÷ 50 = 64.

చివరిది, వర్గీకృత దత్తాంశ (తరగతులుగా విడగొట్టిన విలువల) మధ్యగతం. తరగతులు 0-10, 10-20, 20-30, 30-40, 40-50, పౌనఃపున్యాలు (ఒక్కో తరగతిలో ఎన్ని విలువలున్నాయో) 4, 7, 12, 5, 2 అనుకుందాం. మొత్తం 30, సగం 15. సంచిత పౌనఃపున్యాలు (మొదటి నుంచి కూడుకుంటూ వచ్చినవి) 4, 11, 23, 28, 30. 15 మొదటిసారి దాటేది 23 దగ్గర, కాబట్టి మధ్యగత తరగతి 20-30. సూత్రం ఇది: ఆ తరగతి కింది హద్దు + (సగం − సంచిత పౌనఃపున్యం)/ఆ తరగతి పౌనఃపున్యం × తరగతి పొడవు. ఇందులో మాత్రం దాని ముందు తరగతి సంచిత పౌనఃపున్యం 11 వేయాలి: 20 + (15 − 11)/12 × 10 = 23.33. కళ్ల ముందున్న 23నే వేసేస్తే 13.33 వస్తుంది. జవాబు 20కీ 30కీ మధ్య లేదంటే చాలు, తప్పు పట్టుబడినట్టే. తరగతులు 1-10, 11-20 అని ఇచ్చినప్పుడు ముందు హద్దులను 0.5-10.5, 10.5-20.5గా మార్చాలి. తరగతి పొడవు అప్పుడు 10, చాలామంది రాసే 9 కాదు.