అరచేతిలో ఇమిడే కుక్కపిల్ల ఆకలి

మన నగరాల్లో ‘టీకప్’ పేరుతో అమ్ముతున్న బుల్లి కుక్కలు ప్రత్యేకమైన జాతి కావు. కుక్కల జాతులను నమోదు చేసే సంస్థలైన అమెరికన్ కెన్నెల్ క్లబ్ గాని, బ్రిటన్‌లోని కెన్నెల్ క్లబ్ గాని అటువంటి జాతిని గుర్తించలేదు. షివావా, యార్క్‌షైర్ టెరియర్, పామరేనియన్ వంటి చిన్న జాతుల్లోనే మరీ చిన్నవాటిని ఏరి, తరతరాలుగా వాటినే జత కట్టించగా పుట్టిన పిల్లలకు అమ్మకందారులు పెట్టుకున్న పేరది. షివావా బరువు 6 పౌండ్లు, అంటే సుమారు 2.7 కిలోలు దాటకూడదని అమెరికన్ ప్రమాణం చెబుతుంది. టీకప్ అని చూపేవాటిలో కొన్ని దానిలో సగమైనా తూగవు.

శరీరం చిన్నదైనంత మాత్రాన దాని అవసరాలు అదే నిష్పత్తిలో తగ్గవు. పశువైద్యులు వాడే లెక్క ప్రకారం, విశ్రాంతిగా ఉన్న 16 కిలోల కుక్కకు రోజుకు సుమారు 560 కిలోకేలరీలు చాలు, అంటే కిలో బరువుకు 35. ఒక కిలో తూగే కుక్కకు మాత్రం అదే కిలోకు 70 కావాలి. బరువుతో పోల్చినప్పుడు చర్మపు వైశాల్యం ఎక్కువ కావడం వల్ల ఒంటి వేడి త్వరగా పోతుంది, దాన్ని నిలుపుకోవడానికి ఇంధనం వేగంగా ఖర్చవుతుంది. ఆ ఇంధనాన్ని గ్లైకోజెన్ రూపంలో దాచుకోవలసిన కాలేయమూ కండరాలూ పిల్ల వయసులో మరీ చిన్నవి, ఒంట్లో కొవ్వు నామమాత్రం. మెదడు మాత్రం గ్లూకోజును అడుగుతూనే ఉంటుంది.

అందువల్ల ఒక్క పూట తిండి తప్పినా, చలిగాలి తగిలినా, విరేచనాలు పట్టుకున్నా రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. పిల్ల మొదట మందకొడిగా ఉంటుంది, నడకలో తూలుతుంది, వణుకుతుంది. ఆపైన మూర్ఛ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. నిద్రపోతోందిలే అనుకుని వదిలేసే ఆ తొలి గంటే అన్నిటికన్నా విలువైనదని నేను గట్టిగా నమ్ముతున్నాను. అప్పుడు తేనె గాని, చిక్కటి గ్లూకోజు నీరు గాని వేలితో చిగుళ్ళకు రాసి, పిల్లను వెచ్చగా కప్పి, వెంటనే పశువైద్యుని దగ్గరికి తీసుకువెళ్ళాలి. స్పృహ లేని పిల్ల నోట్లో ఏదీ పోయకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చక్కెరకు బదులుగా జైలిటాల్ కలిపిన పదార్థాలను దగ్గరికి కూడా రానివ్వకూడదు; అది కుక్కల్లో ఇన్సులిన్‌ను ఉప్పెనలా విడుదల చేయించి, ఉన్న చక్కెరను కూడా దించేస్తుంది. చిన్న వయసులో రోజుకు నాలుగు నుంచి ఆరు సార్లు కొంచెం కొంచెంగా, కుక్కపిల్లల కోసం తయారైన ఆహారమే పెట్టాలి. మన ఇళ్ళలో ప్రేమతో పెట్టే పెరుగన్నం ఆ చిన్న పొట్టను నింపుతుందే గాని, దానికి కావలసిన మాంసకృత్తులను, కొవ్వును ఇవ్వదు.

ఎముకల సంగతీ ఇటువంటిదే. సోఫా మీది నుంచి దూకినా ముందుకాళ్ళలోని ముంజేతి ఎముకలు విరగవచ్చు; మణికట్టుకు కాస్త పైన రక్తప్రసరణ తక్కువ కాబట్టి అక్కడి విరుపు అతుక్కోవడం కష్టం. కొన్నిటికి పుర్రె మీది మాడు పూడదు. దవడ ఎంత కుదించుకుపోయినా పెద్ద కుక్కకు ఉండే 42 పళ్ళూ అందులోనే ఇరుక్కోవాలి గనుక చిగుళ్ళ జబ్బులు త్వరగా వస్తాయి. శ్వాసనాళపు మృదులాస్థి వలయాలు బలహీనపడి, బాతు అరిచినట్టు దగ్గే కుక్కలకు మెడపట్టీ బదులు ఛాతీ చుట్టూ తొడిగే హార్నెస్ వాడాలి.

ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మరాదని 2017 నాటి కేంద్ర ప్రభుత్వ నియమాలు చెబుతున్నాయి. అయినా ఐదారు వారాల మామూలు పిల్లను చూపి టీకప్ అని నమ్మించడం తేలిక, ఎందుకంటే ఆ వయసులో అన్నీ చిన్నవే. తల్లిపాలకు ముందే దూరమైన పిల్లకే చక్కెర పడిపోయే ముప్పు మరింత ఎక్కువ. అందుచేత కొనబోయేవారు బరువు ఎంతని అడగక ముందే పుట్టిన తేదీని, టీకాల కార్డును అడగాలి, తల్లి పక్కన ఉండగానే పిల్లను చూడాలి.