లిబరేటర్ బాంబర్లు ఎక్కడ మిగిలాయి? అపోహలు - వాస్తవాలు

పాత యుద్ధ విమానాల జాడ తీయడం నా పని. అందులోనూ ఎక్కువగా బీ-24 లిబరేటర్‌వి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా 18 వేలకు పైగా తయారుచేసిన నాలుగింజన్ల భారీ బాంబర్ ఇది. ఇవాళ దాదాపు పూర్తి రూపంలో మిగిలినవి పదిహేను లోపే. వీటి గురించి తరచూ వినే కొన్ని మాటలు, వాటి వెనకున్న నిజాలు ఇవీ.

అపోహ: మిగిలినవన్నీ అమెరికా వాళ్లు ముందుచూపుతో దాచుకున్నవే.

వాస్తవం: యుద్ధం అయిపోగానే అమెరికా వీటిని తుక్కు కింద కరిగించేసింది. దాచుకున్నవి చాలా తక్కువ. ఇప్పుడున్న వాటిలో అర డజను మన దేశం నుంచి బయటపడ్డవే.

బ్రిటిష్ వైమానిక దళానికి లిబరేటర్లు లెండ్-లీజ్ కింద వచ్చాయి, అంటే అమెరికా మిత్రదేశాలకు యుద్ధ సామగ్రి అరువిచ్చే ఒప్పందం. యుద్ధం ముగిశాక వాటిని తిరిగి ఇవ్వాలి, లేదంటే పనికిరాకుండా చేయాలి. పదుల కొద్దీ విమానాలను కాన్పూర్‌కు చేర్చి రెండో పనే చేశారు. పరికరాలు పగలగొట్టారు, ఇంజన్లలో ఇసుక పోశారు, కొన్నిటిని బుల్డోజర్లతో కుమ్మించారు. స్వాతంత్ర్యం వచ్చాక మన వైమానిక దళానికి భారీ బాంబర్లు కావాలి, కొనడానికి డబ్బు లేదు. అప్పుడు హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (ఇప్పటి హెచ్‌ఏఎల్) ఇంజనీర్లు ఆ తుక్కులో దిగారు. ఒకదాని రెక్క, ఇంకోదాని తోక, మరోదాని ఇంజను తీసి, బెంగళూరు దాకా ఎగరగలిగే స్థితికి తెచ్చారు. టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని ఒక్కొక్కటిగా అక్కడికి తోలుకెళ్లారు. అసలు ఓవర్‌హాల్ బెంగళూరులో జరిగింది. అలా నలభైకి పైగా విమానాలు లేచాయి. 1948 నవంబరులో 5వ స్క్వాడ్రన్ వీటితోనే మొదలైంది. తర్వాత 6వ స్క్వాడ్రన్ సముద్రం మీద నిఘాకు వాడింది. 1968 దాకా పనిచేశాయి.

ఆ పాటికి మిగతా దేశాల్లో లిబరేటర్లు దాదాపు ఖాళీ. దాంతో మ్యూజియంల చూపు మన మీద పడింది. ఒకటి కెనడాలో ఒట్టావాకు, ఒకటి అరిజోనాలోని పీమా మ్యూజియంకు, ఒకటి బ్రిటన్ వైమానిక దళం (ఆర్‌ఏఎఫ్) మ్యూజియంకు వెళ్లాయి. 1980ల్లో ఇంగ్లండ్ మీదుగా అమెరికాలో పాత విమానాలను కాపాడే కాలింగ్స్ ఫౌండేషన్‌కు చేరినదీ మనదే. ఢిల్లీ వెళ్తే పాలం మ్యూజియంలో ఒకదాన్ని చూడొచ్చు. వీటిని బతికించింది చరిత్ర మీద ప్రేమ కాదు, అవసరం. అందుకే నేను ఏ విమానం గురించి వెతికినా ముందు అడిగేది, యుద్ధం తర్వాత అది ఎవరికి పనికొచ్చింది అని.

అపోహ: ఒంటి మీద రాసిన నంబరు చూస్తే ఏ విమానమో తెలిసిపోతుంది.

వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే. మన దేశం నుంచి వెళ్లిన లిబరేటర్‌కు కనీసం మూడు నంబర్లు ఉంటాయి: అమెరికా ఆర్డరు నంబరు, బ్రిటిష్ వాళ్లు ఇచ్చినది, మన వైమానిక దళం ఇచ్చినది. మ్యూజియం వాళ్లు దానికి వేరే పేరున్న విమానం వేషం వేస్తే నాలుగోది. కాలింగ్స్ వాళ్లది ఒకే విమానం, కానీ కాలాన్ని బట్టి మూడు పేర్లతో, మూడు రకాల రంగుల్లో తిరిగింది. ఫొటోలు చూసి మూడు విమానాలని లెక్క రాసుకున్నవాళ్లు ఉన్నారు. అమెరికా నంబరులో ముందుండే 42, 44 లాంటివి తయారైన ఏడాది కాదు, ఆర్డరు పెట్టిన ఆర్థిక సంవత్సరం.

నంబరు నమ్మలేనప్పుడు రంగు పొరలు పనికొస్తాయి. సన్నటి ఉప్పుకాగితాన్ని తడిపి మెల్లగా రుద్దితే, మన వైమానిక దళం గుర్తైన కాషాయం-తెలుపు-ఆకుపచ్చ వలయం కింద, బ్రిటిష్ వాళ్ల ముదురు, లేత నీలాల వలయం బయటపడొచ్చు. అంటే ఈ ప్రాంతంలో జపాన్‌తో పోరాడిన మిత్రదేశాల సైనిక విభాగం, ఆగ్నేయాసియా కమాండ్‌లో తిరిగినదన్నమాట. జపాన్ వాళ్ల ఎర్ర సూర్యుడితో పొరబడకూడదని బ్రిటిష్ వాళ్లు ఇక్కడ తమ వలయంలోంచి ఎరుపు తీసేశారు. కాక్‌పిట్ దగ్గర ఎడమ పక్క చిన్న అక్షరాలతో మోడల్, సీరియల్ అచ్చు ఉంటుంది. అది చెక్కుచెదరకుండా దొరికితే పండగే. అయితే కాన్పూర్‌లో అతికినవాటికి ఆ అచ్చు ముక్కు భాగం సంగతే చెబుతుంది, రెక్కల సంగతి చెప్పదు.

అపోహ: అతుకుల విమానం అసలుది కాదు.

వాస్తవం: అలాగైతే అసలువంటూ ఏవీ మిగలవు. ఆస్ట్రేలియాలో వెర్రిబీ దగ్గరున్న లిబరేటర్‌నే చూడండి. బాడీ ఒకరి ఇంటి స్థలంలో దశాబ్దాలు పడి ఉన్నది, రెక్కలు పాపువా న్యూగినీలో కూలిన వేరే విమానానివి. దాన్ని నకిలీ అనడం నాకు నచ్చదు. ఏ భాగం ఎక్కడిదో రాసిపెట్టారా లేదా అన్నదే నాకు ముఖ్యం.

అపోహ: అడవిలో శకలాలు దొరికితే తెచ్చి నిలబెట్టేయొచ్చు.

వాస్తవం: చాలా చోట్ల కుదరదు, కొన్ని చోట్ల కూడదు. 1944 జనవరి 25న చైనా నుంచి అస్సాం వస్తూ ‘హాట్ యాజ్ హెల్’ అనే బీ-24 మాయమైంది. అందులో ఎనిమిది మంది. 2006లో అరుణాచల్ ప్రదేశ్ కొండల్లో శకలాలు కనిపించాయి. అమెరికా బృందం అక్కడ తవ్వింది 2015లో. అస్థికలను 2016లో స్వదేశానికి తీసుకెళ్లారు. ఇలాంటి చోటు విమానం ముక్కల గుట్ట కాదు, మనుషుల సమాధి.

అక్కడ కాగితాలే ఆధారం. విమానం తప్పిపోతే అమెరికా సైన్యం రాసే నివేదికలో నాలుగు ఇంజన్ల నంబర్లతో పాటు మెషిన్ గన్ల నంబర్లు కూడా ఉండేవి. తోక కాలిపోయినా, రంగు పోయినా గన్ మీద చెక్కిన అంకెలు నిలుస్తాయి. అందుకే ట్రెకింగ్‌కు వెళ్లి ఇలాంటివి చూస్తే బరువైన ఇనుప ముక్కల మీద అంకెలు ఫొటో తీయండి, చోటు గుర్తు పెట్టుకోండి, పోలీసులకు చెప్పండి. చిన్న ప్లేటే కదా అని జేబులో వేసుకుంటే, ఆ ఎనిమిది మంది లాంటి ఇంకెవరి జాడో చెప్పే ఒకే ఒక్క ఆధారం మీ ఇంటి షోకేసులోకి పోతుంది.