షుగర్, చక్కెర, ఒక గులకరాయి

అమ్మకు షుగర్ వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో చక్కెర డబ్బా అటకెక్కింది. షుగర్ అంటే జబ్బు, చక్కెర అంటే టీలో వేసుకునేది. రెండూ సంబంధం లేని మాటలన్నట్టే వాడుకుంటాం. నిజానికి అవి ఒక తల్లి బిడ్డలే.

ఆ తల్లి సంస్కృతంలోని శర్కర. దాని అసలు అర్థం తీపి కాదు, గులకరాయి, గరుకు ఇసుక. మూత్రంలో పడే సన్నటి రాళ్లను సుశ్రుత సంహిత శర్కర అనే అంటుంది. మరి రాయి పేరు తీపికెందుకు వచ్చింది? చెరకు రసాన్ని బాగా కాచి చిక్కబరిస్తే, చల్లారే కొద్దీ అంత తీపిని నీరు తనలో నిలుపుకోలేదు. మిగిలిపోయిన సుక్రోజ్ అనే చక్కెర అణువులు ఒకదాని పక్కన ఒకటి వరసగా పేరుకుని స్ఫటికాలవుతాయి. వేళ్ల మధ్య నలిపితే అచ్చం ఇసుకలా గరుకుగా తగులుతుంది. పేరు పెట్టినవాళ్ల చేతికి తగిలింది అదే.

చెరకును మనుషులు మొదట సాగు చేసింది న్యూగినీలో. తేనెటీగలు లేకుండానే తేనె ఇచ్చే రెల్లు ఇండియాలో ఉందని అలెగ్జాండర్ సేనాని నియార్కస్ క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే చెప్పాడు. అయినా లోకమంతా తిరిగింది మొక్క పేరు కాదు, గరుకు చక్కెర పలుకుల పేరు. నాకు తోచే కారణం ఒకటే: రసం పూటలోనే పులిసిపోతుంది, పలుకులను మూటగట్టి ఓడెక్కిస్తే నెలలు గడిచినా చెడవు. సరుకు వెంటే మాటా వెళ్లింది.

ప్రాకృతంలో సక్కర, పారసీకంలో షకర్, అరబ్బీలో సుక్కర్. స్పెయిన్‌లో చెరకు వేసింది అరబ్బులు కాబట్టి స్పానిష్ 'అసూకర్' ముందు అరబ్బీ 'అల్' (ఇంగ్లీషు 'ది' లాంటి మాట) 'అ'గా ఇప్పటికీ అతుక్కునే ఉంది. ఇటాలియన్ జుక్కెరో, ఫ్రెంచి సూక్ర్, ఇంగ్లీషు షుగర్, రష్యన్ సాఖర్, స్వాహిలీ సుకారి అన్నీ ఆ ఇంటివే. మనకు మాత్రం ప్రాకృతం నుంచే చక్కెర వచ్చింది, కన్నడానికి సక్కరె. మలయాళంలో చక్కర అంటే బెల్లం. దాన్ని పోర్చుగీసువాళ్లు జాగరా అన్నారు, ఇంగ్లీషువాళ్లు జాగరీ చేశారు. అంటే అనకాపల్లి బెల్లం ప్యాకెట్ మీద జాగరీ అని రాసినా అదీ చక్కెర చుట్టమే. బెల్లం మాత్రం అచ్చమైన ద్రావిడ పదం, తమిళ వెల్లం దాని తోబుట్టువు.

గ్రీకులు ఇదే మాటను సాఖరాన్ అని పలికారు. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో కాన్‌స్టాంటిన్ ఫాల్‌బర్గ్‌కు ఒక పదార్థం దొరికింది. బొగ్గు నుంచి వచ్చే తారు రసాయనాల మీద పని చేస్తుంటే బయటపడ్డ ఆ పదార్థం చక్కెర కంటే సుమారు 300 రెట్లు తియ్యన. అందులో చక్కెర రవ్వంతైనా లేదు, కానీ పేరు ఆ పాత మాట నుంచే తీసి శాకరిన్ అన్నారు. ఇప్పుడు అమ్మ టీలో వేసుకునే చిన్న తెల్ల మాత్ర అదే.