కళ్ళాపి నీళ్ళు, గోడ మీద సినిమా

చిరంజీవులైన మనవడికీ, మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మంచి ప్రశ్న అడిగారు. "ఒక ప్రొజెక్టర్ మీద 9000 లూమెన్లు అని ఉంది, ధర తక్కువ. ఇంకోదాని మీద 400 ఏన్సీ లూమెన్లే, ధర ఎక్కువ. ఎందుకు తాతయ్యా?" మీ నాన్న ఏదో ఒకటి కొనేసేలోపు జవాబు అందాలని ఇవాళే రాస్తున్నాను. లూమెన్లంటే వెలుగు ఎంతో చెప్పే కొలత. ఏన్సీ అంటే ఆ కొలతకు పద్ధతి పెట్టిన అమెరికా ప్రమాణాల సంస్థ పేరు.

భీమిలిలో మన వాకిట్లో నానమ్మ కళ్ళాపి చల్లడం చూశారుగా. ప్రొజెక్టర్ చేసే పనీ అదే, నీళ్ళకు బదులు వెలుగు చల్లుతుంది. నూతి దగ్గర తోడిన బిందెడు నీళ్ళూ నేల మీద పడవు. దారిలో కొన్ని తొణికిపోతాయి. ప్రొజెక్టర్లోనూ దీపం వెలుగు అద్దాలూ, బొమ్మను తయారుచేసే పలకా దాటి బయటికి వచ్చేసరికి చాలా భాగం పోతుంది. కొందరు నూతి దగ్గరి లెక్కను పెట్టె మీద అచ్చువేస్తారు. కొందరు ఏ లెక్కా లేకుండానే వేస్తారు. ఏన్సీ లెక్క మాత్రం వాకిట్లోది. తెర మీద తెల్లటి వెలుగు వేసి, తొమ్మిది చోట్ల కొలిచి, సగటు కట్టి, తెర వైశాల్యంతో గుణిస్తారు. నానమ్మ తొమ్మిది చోట్ల వేలితో తడి చూసినట్టన్నమాట. పెద్ద అంకె కనబడితే మురిసిపోకండి, ఎక్కడ కొలిచారో అడగండి. బడిలోనైనా, బజార్లోనైనా ఈ అలవాటు మంచిది.

వాకిలి పెద్దదైతే అదే బిందె చాలదు. బొమ్మ అంగుళాలను మూల నుంచి ఎదురు మూలకు కొలుస్తారు. అలా 50 అంగుళాల బొమ్మ వెడల్పు సుమారు 111 సెంటీమీటర్లు. 100 అంగుళాలదైతే 221. వెడల్పు రెట్టింపే, కానీ ఎత్తూ రెట్టింపై గోడ నాలుగింతలవుతుంది. వెలుగు నాలుగో వంతుకు పల్చబడుతుంది. మీ ఎంవీపీ కాలనీ హాల్లో 400 లూమెన్లకు రాత్రి లైట్లార్పి 80 అంగుళాలు హాయిగా చూడొచ్చు. పగలు, సముద్రం వైపు కిటికీ తెరిచి చూద్దామంటే కుదరదు.

నా చిన్నప్పుడు మా వీధికి సమాచార శాఖ వ్యాను వచ్చేది. రెండు వెదురు బొంగులకు తెల్లగుడ్డ కట్టేవారు. గాలికి గుడ్డ ఉబ్బితే తెర మీది మొహాలన్నీ బూరెల్లా ఉబ్బేవి. చోటు దొరకని పిల్లలం తెర వెనక కూర్చునేవాళ్ళం, అక్షరాలు తిరగబడి కనిపించేవి. బాగా చీకటి పడేదాకా ఆపరేటరు మిషను ముట్టుకునేవాడు కాదు. మేం ఎంత గోల చేసినా సరే, బడ్డీకొట్టు పెట్రోమాక్స్ లైటును అటు తిప్పించాకే మొదలుపెట్టేవాడు. ఆయన ఎందుకంత పట్టుబట్టేవాడో నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

కళ్ళాపి తర్వాత ముగ్గు. చుక్కలు ఎక్కువుంటే ముగ్గు నాజూగ్గా వస్తుంది. ప్రొజెక్టర్ బొమ్మా వెలుగు చుక్కలతోనే ఏర్పడుతుంది. 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలు నిజంగా ఉన్నాయేమో చూడండి. ఫోర్‌కే అంటే అంతకు నాలుగింతల చుక్కలున్న వీడియో. "ఫోర్‌కే సపోర్ట్" అంటే ఆ వీడియోను ఆడిస్తుందనే, అన్ని చుక్కలూ పెడుతుందని కాదు. పక్కన పెట్టి, కీస్టోన్ అనే సదుపాయంతో బొమ్మ వంకర సరిచేస్తే కొన్ని చుక్కలు వృథా. గోడకు ఎదురుగా పెట్టడమే మేలు. త్రో రేషియో అంటే గోడకున్న దూరం బొమ్మ వెడల్పుకు ఎన్ని రెట్లో చెప్పే అంకె. అది 1.2 అయితే 80 అంగుళాల బొమ్మకు ఏడడుగుల దూరం కావాలి, టేపు పట్టుకుని హాలు కొలవండి. ఫ్యాను చప్పుడు షాపులోనే వినండి. లెన్సులోకి మాత్రం తొంగిచూడొద్దు, కళ్ళకు మంచిది కాదు.

అసలు నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది నలుపు. ప్రొజెక్టర్ నల్లరంగు వేయలేదు. నీళ్ళు పడని చోటే నలుపు. ఈసారి జగదాంబ సెంటర్లో సినిమాకు వెళ్ళినప్పుడు ఆట మొదలుకాకముందు తెర ఎంత తెల్లగా ఉందో చూడండి. తర్వాత రాత్రి సీను వచ్చినప్పుడు హీరో జుట్టు చూడండి. అదీ ఆ తెల్లగుడ్డే. ఎలా కనిపించిందో ఇద్దరూ విడివిడిగా నాకు రాయండి.

మీ తాతయ్య