బీరువా అడుగున పాత షేరు కాగితాలు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు ట్రంకు రోడ్డు దగ్గర ఇరవై ఏళ్లుగా షేర్ల పని చూస్తున్నాను. సంక్రాంతికి ఇల్లు దులిపినప్పుడల్లా ఎవరో ఒకరి బీరువా అడుగున పాత కవరు బయటపడుతుంది. నాలుగు రోజుల్లో అది నా బల్ల మీదికి వస్తుంది. "ఈ కంపెనీ లేదంట గదా సార్, చించేసేదా?" అని అడుగుతారు. చించకండి, ముందు కూర్చోండి.

అపోహ: కంపెనీ పేరు మార్కెట్లో కనపడకపోతే డబ్బు పోయినట్టే.

సత్యం కంప్యూటర్స్ కాగితాలు ఇప్పటికీ వస్తుంటాయి. 2009 జనవరి 7న ఆ కంపెనీ అధిపతి రామలింగరాజు లెక్కల మోసం ఒప్పుకుంటూ ఉత్తరం రాశాక, ఇక అంతే అనుకుని వాటిని మూట కట్టి పడేసినవాళ్లు చాలామంది. కంపెనీ మాత్రం మునగలేదు, చేతులు మారింది. 2013లో టెక్ మహీంద్రాలో కలిసినప్పుడు 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చారు. 2015లో ఉచితంగా ఇచ్చిన బోనసు షేర్లూ, ఒక షేరును రెండు చేసిన విభజనా కలిసి ఆ 2 కాస్తా 8 అయ్యాయి. ఆంధ్రా బ్యాంకుదీ ఇదే దారి. 1923లో బందరులో పట్టాభి సీతారామయ్య పెట్టిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. 1000 షేర్లున్నవాళ్లకు 325 వచ్చాయి.

అపోహ: అయితే విలీనమైన ప్రతిసారీ ఎంతో కొంత వస్తుంది.

రాదు. 2004 ఆగస్టులో గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకును ఓరియంటల్ బ్యాంకులో కలిపినప్పుడు డిపాజిటర్ల డబ్బు భద్రంగా ఉంది, షేరుదారులకు సున్నా మిగిలింది. ఒకే ఇంట్లో అత్తగారి డిపాజిట్ నిలబడి, అల్లుడి షేర్లు మునిగిన సంగతి నాకు తెలుసు. ఆ అల్లుడు ఈరోజుకీ బ్యాంకు షేరు ముట్టుకోడు.

అపోహ: మార్కెట్లో షేరు రేటు కనిపిస్తోందంటే కంపెనీ బతికే ఉంది.

జెట్ ఎయిర్‌వేస్ విమానాలు 2019 ఏప్రిల్‌లోనే ఆగిపోయాయి. షేరు మాత్రం ఆ తర్వాత ఏళ్ల తరబడి చేతులు మారింది. చౌక కదా అని కుర్రాళ్లు కొన్నారు, నేను వద్దన్నా వినలేదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆస్తులు అమ్మేసి లెక్క ముగించమంది. అమ్మగా వచ్చేదాంట్లో ముందు బ్యాంకులు, కార్మికులు, తర్వాత మిగతా అప్పులవాళ్లు, ప్రభుత్వ బకాయిలు. షేరుదారుది ఆఖరి బంతి. ఆఖరి బంతికి చారు కూడా మిగలదని మీకు తెలిసిందే.

అపోహ: మాయమైన కంపెనీలన్నీ దొంగ కంపెనీలే.

మన జిల్లాలో ఈ మాట ఎక్కువగా రొయ్యల కంపెనీల గురించి వింటాను. 1990ల మొదట్లో టైగర్ రొయ్య ఊపు మీద ఉన్నప్పుడు ఆక్వా కంపెనీలు షేర్లు అమ్ముకున్నాయి. "చెరువులు కళ్ల ముందే ఉన్నాయి, ఎక్కడికి పోతాయి?" అని మా నాన్న కూడా కొన్నాడు. 1994లో తెల్లమచ్చ తెగులు తీరాన్ని కమ్మేసింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ పరిధిలో, అంటే సముద్రం ఒడ్డున ఆంక్షలున్న మేరలో, సంప్రదాయ చెరువులు తప్ప మిగతావి తీసేయమంది. నిజంగా సాగు చేసి ఆ రెండు దెబ్బలకు కుదేలైన కంపెనీలున్నాయి. వాటిని దొంగలనడం అన్యాయం. షేర్లు అమ్మిన డబ్బు చేతికి రాగానే బోర్డు తిప్పేసినవీ ఉన్నాయి. అలాంటివాటికి ప్రభుత్వమే 'వానిషింగ్ కంపెనీలు' అని పేరు పెట్టి జాబితా తయారుచేసింది. మా నాన్న కొన్నది ఈ రెండో రకం. కాగితం మీది చిరునామా వెతుక్కుంటూ పోతే అక్కడ టైలరు షాపు ఉంది.

అపోహ: ఏడేళ్లు డివిడెండ్ (లాభంలో షేరుదారుకిచ్చే వాటా) తీసుకోకపోతే ప్రభుత్వం షేర్లు మింగేస్తుంది.

మింగదు. అవి మదుపుదారుల కోసం ప్రభుత్వం పెట్టిన ఐఈపీఎఫ్ అనే నిధికి వెళ్తాయి. అసలు యజమాని గానీ వారసులు గానీ దరఖాస్తు పెట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు. పని నిదానం, కాగితాల గోల ఎక్కువ. ఇంకో మాట, 2019 ఏప్రిల్ నుంచి కాగితం షేర్లను మరొకరికి అమ్మడం కుదరదు, ముందు డీమ్యాట్‌లోకి, అంటే ఖాతాలో ఎలక్ట్రానిక్ రూపంలోకి మార్చుకోవాలి.

వచ్చేటప్పుడు కవరు మొత్తం తీసుకురండి, పాత డివిడెండ్ వారంటు (డివిడెండ్ కోసం కంపెనీ పంపే చెక్కులాంటి కాగితం) ముక్కలతో సహా. ఫోలియో నంబరు, అంటే కంపెనీ రిజిస్టరులో మీ ఖాతా నంబరు, చాలాసార్లు వాటి మీదే దొరుకుతుంది.