మౌస్ ఎవరి చేతిలో ఉంది?

ఒక కంప్యూటర్ ముందు నలుగురు పిల్లలు కూర్చున్నంత మాత్రాన ఆ నలుగురూ కలిసి నేర్చుకుంటున్నారని చెప్పలేం. విశాఖపట్నంలో మద్దిలపాలెం వెళ్లినా, గాజువాక వెళ్లినా, పాఠశాల కంప్యూటర్ గదిలోకి తొంగిచూస్తే కనిపించేది దాదాపు ఒకటే: మౌస్ ఒకడి చేతిలో ఉంటుంది, పక్కవాడు "అక్కడ కాదురా, కింద నొక్కు" అని పురమాయిస్తుంటాడు, వెనక నిలబడ్డ అమ్మాయి మెడ సాచి చూస్తుంటుంది, నాలుగోవాడి చూపు కిటికీ బయట ఉంటుంది. కంప్యూటర్లు చాలక నలుగురికి ఒకటి ఇచ్చామని బడి వారు అంటారు. నిజమే కానీ, నలుగురికి నాలుగు ఇచ్చేస్తే ఈ చిక్కు తీరుతుందా అన్నది వేరే ప్రశ్న.

2006 ప్రాంతంలో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రిసెర్చ్ ఇండియాలో ఉదయ్ పవార్, జోయోజీత్ పాల్, కెంటారో టొయామా ఈ దృశ్యాన్నే పరిశీలించి, ఒకే కంప్యూటర్‌కు పలు మౌస్‌లు తగిలించి, ఒక్కొక్క పిల్లవాడికి ఒక్కొక్క రంగు బాణం ఇచ్చి చూశారు. ఖర్చు స్వల్పం, పిల్లల ఉత్సాహం అపారం. అయితే అసలు పాఠం ఆ తర్వాత బయటపడింది. ఎవరు ముందు నొక్కితే వారిదే గెలుపు అన్న పద్ధతిలో ఆడించినప్పుడు, ముఖ్యంగా మగపిల్లలు, చదవకుండానే నొక్కుకుంటూ పోయారు. అందరి బాణాలూ ఒకే జవాబు మీదికి వస్తే తప్ప తెర ముందుకు కదలని పద్ధతి పెట్టినప్పుడు మాత్రం ఒకరితో ఒకరు మాట్లాడుకోక తప్పలేదు. పరికరం మారలేదు, పిల్లలూ మారలేదు. ముందుకు సాగడానికి పెట్టిన షరతు ఒక్కటే మారింది.

కంప్యూటర్ ఆసరాతో కలిసి నేర్చుకోవడాన్ని అధ్యయనం చేసే శాఖ 1989లో ఇటలీలోని మరాతేయాలో జరిగిన ఒక చిన్న సమావేశంతో రూపుదిద్దుకోవడం మొదలుపెట్టి, 1995లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో జరిగిన సదస్సుతో స్థిరపడింది. అంతకుముందు పరిశోధకులు యంత్రం పిల్లవాడికి ఏమి నేర్పుతుందని అడిగేవారు. ఈ శాఖలోని వారు యంత్రం పిల్లల మధ్య ఏమి జరిగేలా చేస్తుందని అడగసాగారు. ఈ మార్పు చిన్నదిగా కనిపిస్తుంది గానీ, దీనితో పరీక్ష మార్కులతో పాటు పిల్లల సంభాషణ కూడా పరిశోధనకు ముడిసరుకైంది.

సంభాషణలో ఏది పనికొస్తుందన్న దానికి లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నోరీన్ వెబ్ 1980ల నుంచి చేసిన పరిశీలనలు ఇప్పటికీ ఆధారం. జట్టులో వివరించి చెప్పిన విద్యార్థి బాగా నేర్చుకుంటాడు. ఎందుకో తెలియకుండా కేవలం జవాబు అందుకున్న విద్యార్థికి దానివల్ల మేలు జరగదు సరికదా, ఒక్కోసారి నష్టమే జరుగుతుంది. చెప్పబోయే ముందు తనకు తెలిసినదాన్ని వరుసలో పెట్టుకోవాలి, ఎదుటివాడు "అదెలా?" అన్నప్పుడు మధ్యలో వదిలేసిన మెట్టును వెతుక్కోవాలి. అందుచేత జట్టుగా చదవడానికి తయారుచేసిన ఏ యాప్‌నైనా తూచడానికి నేను వాడే తూకం ఒక్కటే: అది ప్రతి పిల్లవాడికీ వివరించవలసిన అవసరం కల్పిస్తోందా, లేక తప్పించుకునే వీలు కల్పిస్తోందా?

అవసరం కల్పించడం ఎలాగో చూడడానికి విశాఖ పిల్లల కళ్లెదుట ఉన్న సమస్యనే తీసుకుందాం. ఆర్కే బీచ్‌లో ఇసుక ఎందుకు కోతకు గురవుతోంది? తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురికి నాలుగు వేర్వేరు ఆధారాలు ఇచ్చామనుకుందాం. ఒకరికి గూగుల్ ఎర్త్‌లో వేర్వేరు సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు, ఇంకొకరికి నెలవారీగా గాలి, అలల దిశల పట్టిక, మూడోవారికి అలల అడ్డుగోడలతో సహా విశాఖ రేవులోని ఔటర్ హార్బర్ పటం, నాలుగోవారికి డ్రెడ్జర్లు ఎక్కడ ఇసుక తవ్వి ఎక్కడ పోస్తాయన్న సమాచారం. ఎవరి ఆధారం వారి తెర మీదనే ఉంటుంది. నలుగురికీ ఉమ్మడిగా ఉండేది ఒక ఖాళీ పటం, దాని పక్కన రాసుకునే చోటు. చిత్రాలు చూసిన అమ్మాయి బీచ్ ఒక ఏడాది సన్నబడి మరో ఏడాది వెడల్పవడం గమనించి, అంతా ఆటుపోట్ల మహిమ అంటుంది. పటం ఉన్న అబ్బాయి ఒప్పుకోడు. "ఇసుక ఎక్కడికీ పోలేదే, గోడకి ఇవతలే ఆగిపోయింది చూడు" అని దక్షిణపు గోడ పక్కన వేలు పెడతాడు. "ఆ గోడ ముందు నుంచీ ఉందా, తరవాత కట్టిందా? అలలు ఎటు నుంచి వస్తున్నాయో తెలీకుండా ఆగిపోయిందని ఎలా అంటావు?" అని ఆమె అడుగుతుంది. దానికి జవాబు అతని దగ్గర లేదు, పట్టిక ఉన్న పిల్ల దగ్గర ఉంది.

నైరుతి రుతుపవన కాలంలో దక్షిణం వైపు నుంచి వచ్చే అలలు మన తీరాన్ని ఏటవాలుగా తాకి ఇసుకను ఈశాన్య దిశగా నెడతాయి. చలికాలంలో కొంత వెనక్కి మళ్లినా, ఏడాది మొత్తం మీద ఇసుక నడక ఉత్తరానికే. 1970ల్లో ఔటర్ హార్బర్ కోసం సముద్రంలోకి కట్టిన అలల అడ్డుగోడలు ఆ నడకను ఆపాయి. గోడకు దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన ఉన్న కోస్టల్ బ్యాటరీ, ఆర్కే బీచ్ ప్రాంతాలకు అందవలసిన ఇసుక అందదు. అందుకే పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్లతో తవ్వి ఉత్తరపు తీరానికి పంపు చేస్తుంటారు. బీచ్ కొన్నేళ్లు వెడల్పుగా కనిపించడంలో ఆ ఇసుక పాత్ర కూడా ఉంటుంది. నాలుగు ఆధారాల్లో ఏ ఒక్కదాంట్లోనూ ఈ కథ పూర్తిగా లేదు. పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చే ఈ ఉపాయాన్ని మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియట్ అరాన్సన్ 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరపు బడుల్లో, నల్లజాతి, తెల్లజాతి పిల్లలు కొత్తగా ఒకే తరగతిలో కూర్చుని కొట్టుకుంటున్న రోజుల్లో, కాగితాల మీదే అమలు చేశాడు. కంప్యూటర్ వచ్చి చేర్చింది ఉమ్మడి పటం. వేలు పెట్టి చూపించగల వస్తువు ఎదుట ఉన్నప్పుడు మాటల్లో చెప్పలేని పిల్లవాడు కూడా వాదంలోకి దిగగలడు. జెరెమీ రోషెల్, స్టెఫనీ టీస్లీ 1995లో ప్రచురించిన పరిశీలన ఇదే చూపింది: వేగాన్నీ త్వరణాన్నీ బాణాలుగా చూపే ఒక ప్రోగ్రాం ముందు కూర్చున్న విద్యార్థులు సగం సగం మాటలనూ సైగలనూ తెర మీది బొమ్మకు జోడించి ఒకరి అర్థాన్ని ఒకరు సరిచేసుకుంటూ పోయారు.

ఒకే తెరను ఇద్దరు పంచుకోవడం కొత్త ఆలోచన కాదు. 1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ను తొలిసారి బహిరంగంగా చూపిన ప్రదర్శనలోనే, మెన్లో పార్క్‌లో ఉన్న సహచరుడితో కలిసి ఒకే పత్రం మీద పనిచేసి చూపాడు. మౌస్ ఊరూరా చేరింది గానీ, ఉమ్మడి పత్రం చేరడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. దాని వెనక ఉన్న చిక్కు ఆసక్తికరమైనది. తెర మీద "అలలు ఇసుకను మోస్తాయి" అని ఉందనుకోండి. ఒకరు మొదట్లో "నైరుతి" అన్న మాట చేర్చారు. అదే క్షణంలో ఇంకొకరు తన కంప్యూటర్‌లో మూడో మాటను కొట్టేశారు. ఆయన ఉద్దేశం "మోస్తాయి" తీసేయడం. కానీ "మూడో మాట తీసేయి" అన్న ఆదేశం మొదటివారి యంత్రానికి చేరేసరికి అక్కడ మూడో మాట "ఇసుకను" అయి కూర్చుంది. అందుకని ముందు ఒక మాట చేరిందని గుర్తించి, ఆదేశంలోని మూడును నాలుగుగా సవరించాకే అమలు చేయాలి. క్లారెన్స్ ఎల్లిస్, సైమన్ గిబ్స్ 1989లో ప్రతిపాదించిన ఈ సవరణ సూత్రమే తర్వాతి ఉమ్మడి ఎడిటర్లకు పునాది. నిజానికి యంత్రం లెక్కించేది మాటలను కాదు, అక్షర సంకేతాలను. మనకు ఒక్క అక్షరంగా కనిపించే "స్త్రీ" కంప్యూటర్లు అక్షరాలకు వాడే యూనికోడ్ పద్ధతిలో ఆరు సంకేతాలు గనుక, తెలుగులో ఈ లెక్క తప్పితే ఒత్తులూ గుణింతాలూ చెల్లాచెదురవుతాయి.

సాంకేతికత సమకూరినంత మాత్రాన చదువు సమకూరదు. ఫ్రెంచి ఇంజనీరు మాక్స్ రింగెల్‌మాన్ 1913లో ప్రచురించిన తాడు లాగే ప్రయోగాల్లో ఎనిమిది మంది కలిసి లాగిన బలం, విడివిడిగా లాగినప్పటి మొత్తంలో సుమారు సగమే. ఉమ్మడి పత్రంలోనూ ఇదే తంతు: ఒక్కరు రాస్తారు, మిగతావారు చివర్లో పేర్లు చేరుస్తారు. దీనికి విరుగుడుగా పాత్రలు, వంతులు, దశలు నిర్ణయించే పద్ధతులు వచ్చాయి. వాటిని తీర్చిదిద్దిన వారిలో ఒకరైన పియెర్ డిలెన్‌బూర్గ్ స్వయంగా 2002లో ఒక హెచ్చరిక చేశాడు: ఎవరు ఎప్పుడు ఏమి అనాలో కూడా మనమే రాసిపెడితే పిల్లలు నాటకం ఆడతారే తప్ప ఆలోచించరు. నా దృష్టిలో బీచ్ ఉదాహరణ పాటి కట్టడి చాలు. ఆధారాలు పంచి, సంభాషణను వారికే వదిలేయాలి.

టొరంటోలో మార్లీన్ స్కార్డమేలియా, కార్ల్ బెరైటర్ 1980ల్లో తయారుచేసిన "సిసిల్" అనే ప్రోగ్రాం ఇంకో దారి పట్టింది. తరగతి అంతటికీ ఒక ఉమ్మడి నిల్వ. అందులో పిల్లలు "నా సిద్ధాంతం", "నాకు తెలియవలసింది" అన్న తరహా శీర్షికల కింద తమ ఊహలు రాసి, ఒకరి ఊహకు ఒకరు చేర్పులు చేస్తూ వారాల తరబడి కొనసాగిస్తారు. తప్పు ఊహ కూడా చెరిగిపోకుండా ఉంటుంది, దాన్ని ఎవరు ఎలా సవరించారో కనిపిస్తుంది. మన బడుల్లో తప్పు రాసిన పేజీ చింపేయడమే అలవాటు. ఆ అలవాటు ఉన్నచోట ఇలాంటి నిల్వ తెరిస్తే మొదట్లో ఖాళీగానే ఉంటుందని ముందే చెప్పుకోవడం మంచిది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌లు పంచింది. ఆ తర్వాత నాడు-నేడు పథకం కింద బాగుచేసిన బడుల తరగతి గదుల్లోకి పెద్ద తాకుడు తెరలు వచ్చాయి. ట్యాబ్‌లోని వీడియో పాఠం పిల్లవాడిని పక్కవాడి నుంచి వేరు చేస్తుంది; గోడ మీది పెద్ద తెర ఎక్కువగా ఉపాధ్యాయుడి చేతిలోనే ఉంటుంది. రెండూ ఉన్న బడిలో వాటిని జోడిస్తే మాత్రం బీచ్ పాఠానికి కావలసిన సరంజామా అంతా సిద్ధమే: ఆధారాలు ట్యాబ్‌లలో, ఉమ్మడి పటం గోడ మీద. కొత్తగా కొనవలసింది ఏమీ లేదు.

మిగిలేది మార్కుల గొడవ. 2015లో పీసా అంతర్జాతీయ పరీక్షలో కలిసి సమస్యలు పరిష్కరించే సామర్థ్యాన్ని కొలిచారు. పాల్గొన్న ప్రతి దేశంలోనూ అమ్మాయిలే అబ్బాయిల కంటే మెరుగనిపించుకున్నారు. అయితే ఆ పరీక్షలో విద్యార్థితో జట్టుకట్టింది సాటి పిల్లలు కాదు, కంప్యూటర్ నడిపే కల్పిత సహచరులు. ముందే రాసిపెట్టిన వాక్యాల్లోంచి విద్యార్థి ఒకటి ఎంచుకుంటాడు. అందరినీ ఒకే కొలతతో కొలవడానికి అది సౌకర్యమే గానీ, అడ్డంగా ప్రశ్నించే స్నేహితురాలు అందులో ఉండదు. అరాన్సన్ పద్ధతి ఇంతకంటే సులువైనది: జట్టుగా నేర్చుకోవాలి, పరీక్ష మాత్రం ఎవరికి వారు, మొత్తం పాఠం మీద రాయాలి. బీచ్ పాఠం ముగిశాక హార్బర్ పటం చూసిన అబ్బాయిని గోడల గురించి అడగనక్కరలేదు. అలలు ఏ నెలలో ఎటు నుంచి వస్తాయో, దాన్ని జట్టులో ఎవరు ఎలా నిరూపించారో రాయమంటే చాలు.